హాస్టల్లో మొదటి వారం ఎవరు చూడాలి?

సంపాదకులు గారికి,

హాస్టళ్ళలో కొత్త విద్యార్థుల స్వాగత సభలను పూర్తిగా నిషేధించాలనీ, మొదటి సంవత్సరం పిల్లలతో సీనియర్లను అసలు మాట్లాడనివ్వకూడదనీ పోయిన వారం మీరు సంపాదకీయం రాశారు. అది చదివి ఊరుకోలేక ఈ ఉత్తరం. ర్యాగింగ్ మీద మీ కోపంతో నాకు పేచీ లేదు. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయి ప్రాణం తీసుకుందన్న వార్త విని, సముద్రానికి ఇవతల అండమాన్‌లో ఉన్న మేమూ మా ఆడపిల్లల్ని దగ్గరకు తీసుకుని కూర్చున్నాం. కానీ మీరు చెప్పిన పద్ధతి అమలైతే, హాస్టల్లో అడుగుపెట్టిన పిల్లకు మంచినీళ్ళు ఎక్కడున్నాయో చెప్పే మనిషి కూడా మిగలదు.

మాది పోర్ట్‌బ్లెయిర్‌లో మిడిల్ పాయింట్. మా మామగారి తరంలో సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. ఇప్పుడు ఊరి పేరు శ్రీవిజయపురం అయింది గానీ మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ. మా అమ్మాయి కోరుకున్న కోర్సు ఇక్కడ లేక, కోస్తాలో ఒక విశ్వవిద్యాలయంలో చేర్పించాం. దాని పేరు రాయను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కదాన్నే వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

ఓడలో విశాఖ చేరి, అక్కడి నుంచి బస్సులో హాస్టల్‌కు వెళ్ళేసరికి సాయంత్రం దాటింది. ఆఫీసు మూసేశారు. వార్డెన్ లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ రూమ్ అలాట్‌మెంట్ కాగితం అడిగాడు. అది ఆఫీసులో ఇవ్వాలి, ఆఫీసు సోమవారం గానీ తెరవరు. చాలాసేపు బతిమాలితే పిల్లను మాత్రం లోపలికి పంపాడు. తల్లినైన నన్ను వెయిటింగ్ హాల్లో కూడా కూర్చోనివ్వలేదు. నేను బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. లోపల పిల్లకు మంచం లేదు, బకెట్ లేదు. మెస్ కార్డు లేదు గనుక అన్నం పెట్టనన్నారు. మూడు రోజులు ఓడలో వాంతులు చేసుకుంటూ వచ్చిన పిల్లకు అన్నం పెట్టనన్నారు! అది రాత్రి ఫోన్‌లో ఏడుస్తుంటే, గోడకు ఇవతల నేను ఏం చేయగలను?

ఆ రాత్రి దాన్ని ఆదుకున్నది ఎవరనుకున్నారు? మీరు దూరంగా పెట్టమన్న సీనియరే. పలాస వైపు అమ్మాయి, ఆఖరి సంవత్సరం. తన దుప్పటి ఇచ్చింది. మెస్‌కు తీసుకెళ్ళి వంటావిడతో మాట్లాడి తన కార్డు మీద అన్నం పెట్టించింది. పొద్దున్నే ఏ బాత్‌రూమ్‌లో నీళ్ళు ముందు అయిపోతాయో, అస్వస్థతగా ఉంటే ఏ మేడమ్‌కు చెప్పాలో, ఔటింగ్ రిజిస్టర్‌లో ఏం రాయాలో ఒక్కొక్కటీ చెప్పింది. ఆ పిల్లకు ఎవరూ ఆ బాధ్యత అప్పగించలేదు. తనకు మొదటి ఏడాది ఎవరూ చెప్పలేదట, అందుకని చెప్పింది. మీ సంపాదకీయం చెప్పినట్టు జరిగి ఉంటే ఆ అమ్మాయి మెట్ల దగ్గరే ఆగిపోయేది.

ఇక స్వాగత సభ. అది నెల దాటాక జరిగింది. తలకు ఇంత అని చందా వసూలు చేసి డీజే పెట్టారు, ర్యాంప్ వాక్ పెట్టారు. తర్వాత ఒక్కొక్కరినీ వేదిక మీదకు పిలిచి ఇంట్రో ఇమ్మన్నారు. మా అమ్మాయి అండమాన్ అని చెప్పగానే మైకు పట్టుకున్న కుర్రాడు జరావా భాషలో మాట్లాడమన్నాడు, జరావా డాన్సు చేయమన్నాడు. హాలంతా నవ్వింది. ముందు వరసలో కూర్చున్న లెక్చరర్లు కూడా నవ్వారని మా అమ్మాయి చెప్పింది. నన్ను ఎక్కువగా బాధించింది అదే. పిల్లలకు తెలియదనుకుందాం, పెద్దలకు ఏమైంది?

జరావాలు మా దీవుల ఆదివాసులు, వాళ్ళు ఎవరి వినోదం కోసమూ లేరు. 1956 నాటి రక్షణ నిబంధన కింద వాళ్ళ అడవిలోకి బయటివాళ్ళు వెళ్ళకూడదు, ఆ అడవి గుండా పోయే ట్రంకు రోడ్డు మీద బండి ఆపి ఫొటో తీయకూడదు. 2012 జనవరిలో తిండి ఆశ చూపి జరావా స్త్రీలచేత డాన్సు చేయించిన వీడియో బయటపడితే దేశమంతా తలదించుకుంది. మా ఇంటికి నాలుగడుగుల దూరంలో మానవశాస్త్ర మ్యూజియం ఉంది. మా పిల్లలు ఈ దీవుల తెగల గురించి అక్కడ గౌరవంగా నేర్చుకుంటూ పెరిగారు. అలాంటి పిల్లను నిలబెట్టి ఆ మనుషుల్నే వెక్కిరించమనడం రెండు వైపులా అవమానం. ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన చట్టం ప్రకారం విద్యార్థిని ఎగతాళి చేయడం, కించపరచడం కూడా ర్యాగింగే. ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. వేదిక మీద, పూలదండల మధ్య చేస్తే అది నేరం కాకుండా పోదు.

అయితే ఇది స్వాగతం పలకడంలోని తప్పా, దాన్ని పట్టించుకోకుండా పిల్లలకు వదిలేయడంలోని తప్పా? మీరు ఆ రెండింటినీ విడదీసి చూడలేదు. పైగా ఏటా ఫ్రెషర్స్ డే ఫొటోలు మీ జిల్లా పేజీల్లోనే సగం పేజీ వేస్తారు. అన్నీ ర్యాంప్ వాక్ ఫొటోలే. కొత్తగా వచ్చిన పిల్ల రాత్రి ఎక్కడ పడుకుందో కనుక్కోమని ఏ విలేఖరినైనా పంపారా?

హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలైన 2009లోనే యూజీసీ నిబంధనలు తెచ్చింది. అవి తెప్పించుకుని చదవండి. స్వాగత సభలు వద్దని వాటిలో లేదు. ప్రతి విభాగంలోనూ సీనియర్లూ అధ్యాపకులూ కలిసి, వీలైతే మొదటి రెండు వారాల్లోనే, అధ్యాపకుల ఎదుట పిల్లల ప్రతిభ బయటికి వచ్చేలా జరపమని ఉంది. కొత్త పిల్లల్ని చిన్న చిన్న బృందాలుగా చేసి ఒక్కో బృందాన్ని ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలని, ఆయన రోజూ వాళ్ళతో మాట్లాడాలని ఉంది. వీలైనంత వరకు అధ్యాపకులు హాస్టల్లో పిల్లలతో కలిసి భోంచేయాలని కూడా ఉంది. మా అమ్మాయి హాస్టల్లో ఏ అధ్యాపకుడూ పళ్ళెం ముందు కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఉన్న నిబంధనను పాటించమని గట్టిగా అడగాల్సిన పత్రిక, దానికి విరుద్ధమైన సలహా ఇస్తుందా?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ప్రవేశం వచ్చిందన్న కబురు అందాక చేరడానికి ఇచ్చే గడువు బస్సులూ రైళ్ళూ ఉన్నవాళ్ళను చూసి పెట్టింది. మాకు విశాఖ ఓడ రోజూ ఉండదు. తేదీ ముందుగా తెలియదు, తెలిసినా వాయుగుండం పడితే మారిపోతుంది. హడ్డో రేవులో టికెట్టు కోసం నిలబడే తల్లిదండ్రుల్ని వచ్చి చూడండి. విమానం ఛార్జీ సెలవుల్లో మాలాంటి వాళ్ళకు అందదు. దాంతో మా పిల్లలు ఎప్పుడూ ఆలస్యంగానే చేరతారు. మొదటి రోజు హాల్లో పరిచయ కార్యక్రమం అయిపోయి ఉంటుంది, మంచి గదులు నిండిపోయి ఉంటాయి, స్నేహాలు కుదిరిపోయి ఉంటాయి. ఈ కష్టం మా ఒక్కరిదే కాదు. రెండో విడత, మూడో విడత కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన ఏజెన్సీ పిల్లలదీ ఇదే పరిస్థితి. అందుకే స్వాగతం ఒక్క పూట సభగా పెడితే లాభం లేదు. ఆలస్యంగా వచ్చిన ఆఖరి పిల్ల దాకా అది నడవాలి.

దానికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు. ఏ రోజు ఎవరు వస్తున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. రాత్రి వచ్చినా తాళం ఇచ్చే మనిషి ఉండాలి. మొదటి మూడు రోజులు కార్డు అడగకుండా మెస్‌లో అన్నం పెట్టాలి. తోడు వచ్చిన తల్లికి ఒక రాత్రి తలదాచుకోవడానికి చోటు చూపాలి. మంచి పేరున్న సీనియర్లను వార్డెన్ స్వయంగా ఎంచి, ఒక్కొక్కరికి నలుగురైదుగురు కొత్తవాళ్ళను పేరు పేరునా అప్పగించాలి. వేదిక కార్యక్రమం ఏమిటో అధ్యాపకులు ముందే చూసి ఒప్పుకోవాలి. ఎవరినీ బలవంతంగా వేదిక ఎక్కించకూడదు, చందా వసూలు చేయకూడదు.

ఇవి మనవాళ్ళకు చేతకాని పనులు కావు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మన తెలుగు పిల్లలే భారతీయ విద్యార్థి సంఘాల తరఫున కొత్తవాళ్ళ కోసం విమానాశ్రయానికి కారు తీసుకెళ్తారు, గది దొరికేదాకా తమ గదిలో ఉంచుకుంటారు, బ్యాంకు ఖాతా తెరిపిస్తారు, మొదటి సరుకులు కొనిపెడతారు. టెక్సాస్‌లో అంత చక్కగా చేసేవాళ్ళకు ఇక్కడ చేసే అవకాశం ఎందుకు ఇవ్వరు? మా వీధిలోనూ డిగ్లీపూర్ నుంచో క్యాంప్‌బెల్ బే నుంచో కాలేజీకి వచ్చే పిల్లలు హాస్టల్ దొరికేదాకా తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఉంటారు. వాళ్ళు బెంగాలీలా, నికోబారీలా అని ఎవరూ అడగరు.

మా అమ్మాయి చదువు మానలేదు. రెండో సంవత్సరంలో ఉంది. ఈసారి కొత్తగా వచ్చిన పిల్లలకు అదే దుప్పటి ఇస్తోంది, మెస్‌కు తీసుకెళ్తోంది. మీ మాట చెల్లితే మా అమ్మాయి మీదే క్రమశిక్షణ చర్య తీసుకోవాలి. ఆ సంపాదకీయాన్ని సవరించి మళ్ళీ రాయండి. వచ్చే ప్రవేశాలు మొదలయ్యేలోగా రాయండి. వార్డెన్లు, వైస్ ఛాన్సలర్లు మీ పత్రిక చదువుతారు, మా ఉత్తరాలకు జవాబివ్వరు.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
మిడిల్ పాయింట్, శ్రీవిజయపురం (పోర్ట్‌బ్లెయిర్)