ఈ ఉత్తరం ఎవరు రాయాలి?

హుజూరాబాద్‌లో ఒక మాదిగవాడ. ఆ ఇంటి నుంచి కాలేజీ గడప తొక్కుతున్న మొదటి అమ్మాయి హైదరాబాద్ హాస్టల్‌కు బయల్దేరుతోంది. "అక్కడ కులం పేరు చెప్పి అవమానిస్తే ఏం చేయాలో బిడ్డకు చెప్పిన్రా?" అని తల్లిని అడిగాను. ఆమెకు కోపం వచ్చింది. "సదువుకోను పోయే పిల్లకు గా ముచ్చటెందుకు మేడం? తల వంచుకొని సదువుకోమన్న."

ఆమెను తప్పుపట్టలేను. 2021లో దళితబంధు ఈ హుజూరాబాద్‌లోనే మొదలైంది. కుటుంబానికి 10 లక్షలన్నారు. వాడల్లోకి ట్రాక్టర్లూ కార్లూ వచ్చాయి. కులం సంగతి మాత్రం పిల్లల ముందు ఎత్తని మాటగానే ఉండిపోయింది. మనం మరిచిపోతే అది పోతుందా? ర్యాంకు అడిగి కులం ఆరా తీసే రూమ్మేట్లు, "కోటా సీటా?" అనే లెక్చరర్లు మరిచిపోనిస్తారా? ఏమీ తెలియకుండా వెళ్లిన పిల్ల ఆ అవమానాన్ని తన లోపమే అనుకుంటుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

అమెరికాలో నల్లజాతి పెద్దలు ఈ మాటను దాచలేదు. 1962లో రచయిత జేమ్స్ బాల్డ్విన్ తన తమ్ముడి కొడుక్కి బహిరంగంగా ఉత్తరం రాశాడు. 2015లో టా-నెహిసి కోట్స్ పదిహేనేళ్ల కొడుక్కి ఉత్తరంగా ఒక పుస్తకమే రాశాడు. తెల్లవాళ్లు వేసే విలువను తమ విలువగా పిల్లలు నమ్మకూడదనే వాళ్ల ఆరాటం.

మన దగ్గర ఉత్తరం రాసింది పిల్లలు. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. 2019 మేలో ముంబయిలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయింది. ఆ ఏడాదే ఇద్దరి తల్లులు, రాధిక, ఆబేదా, సుప్రీంకోర్టుకు వెళ్లారు. విద్యాసంస్థల్లో వివక్షను ఆపడానికి 2012లో యూజీసీ చేసిన నిబంధనలను అమలు చేయించమని అడగడానికి! బిడ్డలను పోగొట్టుకున్నాక తల్లులు కోర్టుకెక్కితే తప్ప కదలని వ్యవస్థ ఇది.

అందుకే పిల్లలకు ముందే రాయాలి. రాయడం రాని తల్లులు చెబుతుంటే సంఘాల కార్యకర్తలు రాసిపెట్టాలి. తల్లి పడ్డ అవమానం, ఆమె ఎదిరించిన రోజు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం, ఫిర్యాదు ఎవరికివ్వాలన్నది, అర్ధరాత్రయినా ఫోన్ చేయదగ్గ నంబరు, అన్నీ అందులో ఉండాలి.

ఇక్కడితో ఆగితే మాత్రం మోసం చేసినట్టే. దెబ్బ తినేవాళ్లను సిద్ధం చేసి, కొట్టేవాళ్లను వదిలేద్దామా? పాయల్ కేసులో 2019లో అరెస్టయింది ముగ్గురు సీనియర్ మహిళా డాక్టర్లు. స్త్రీలందరం ఒకటేనని సభల్లో చెప్పే మనం ఈ సంగతి మింగేసి ముందుకు పోలేం.

ఆధిపత్య కులాల్లో పుట్టిన అక్కల్లారా, అదే హాస్టల్‌కు మీ కూతురూ వెళ్తోంది. వేళకు తినమని, జాగ్రత్తగా ఉండమని చెప్పే ఉంటారు. పక్క మంచం అమ్మాయి కులం ఆరా తీయొద్దని, ఆమె సీటును ఎగతాళి చేయొద్దని, ఎవరైనా చేస్తుంటే నోరు మూసుకోవద్దని చెప్పారా?

వాడలో తల్లి ఉత్తరం మేం రాసిపెడతాం. మీ ఉత్తరం మీరే రాయాలి.