బట్టమేక మీదికి పెళ్లి డ్రోనా?

రోళ్లపాడు గడ్డి మైదానంలోనో, లంకమల పొదల మీదో డ్రోన్ ఎగరేయాలంటే కొన్ని పర్యావరణ సంఘాలకు మొదట గుర్తొచ్చేది ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడే. పెట్రోలు ఖర్చులిచ్చి, మధ్యాహ్నం భోజనం పెడితే వచ్చేస్తాడు. ఈ అలవాటు మానాల్సిందే.

బట్టమేక పక్షి గూడు కట్టదు. వానలు పడ్డాక వట్టి నేల మీదే, మామూలుగా ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తల్లి బెదిరి లేచిందంటే ఆ గుడ్డు ఏ కాకి పాలో, నక్క పాలో అవుతుంది. 2021 మేలో కాలిఫోర్నియాలోని బోల్సా చికాలో ఒక డ్రోన్ కూలితే టెర్న్ పక్షులు మూకుమ్మడిగా లేచిపోయాయి. 1,500కు పైగా గుడ్లు పొదిగే దిక్కు లేక పాడయ్యాయి. రోళ్లపాడులో అన్ని గుడ్లెక్కడివి? 1988లో 614 హెక్టార్ల అభయారణ్యం పెట్టిందే బట్టమేక కోసం. కొన్నేళ్లుగా అక్కడ దాని జాడే కరువైంది.

2021 డ్రోన్ నిబంధనల్లో ఒక సందుంది. రెండు కిలోల లోపు డ్రోన్‌ను వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ‘మాది సేవే కదా’ అనే సంఘాలకు ఇదే ఆసరా. చట్టం వదిలేసినంత మాత్రాన గుడ్డుకు ముప్పు తప్పదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న చోట నేర్చుకున్న పైలట్‌కు ఆషాఢం గాలిలో డ్రోన్‌ను ఎప్పుడు దించేయాలో తెలుసు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత ఎత్తున ఎగిరిందో లెక్క చూపగలడు.

ఆ లెక్క విలువేమిటో కడప జిల్లాకు తెలియాలి. 1900 తర్వాత కనిపించకుండా పోయిన లంకమల పొదల పక్షి కలివి కోడి 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. 2005లో తెలుగుగంగ కాలువ యంత్రాలు దాని పొదల్ని తొలిచేస్తుంటే పరిశోధకులు చూసి గోల చేశారు కాబట్టే కాలువ దారి మార్చారు. రాత్రి తిరిగే ఆ పక్షిని డ్రోన్‌తో వెతకడం వృథా. పొదల నరికివేతను, కొత్త తవ్వకాలను, కార్చిచ్చును పట్టుకోవడానికే డ్రోన్ పనికొస్తుంది. తేదీ, స్థలం సరిగా లేని వీడియో అధికారుల ముందు నిలబడదు.

2024 అక్టోబరులో విజయవాడ ఆకాశంలో 5,500 డ్రోన్లతో బొమ్మలు వేయించారు. ఓర్వకల్లులో 300 ఎకరాల డ్రోన్ సిటీ అంటున్నారు. ఆ పక్కనున్న గడ్డి నేలలు మాత్రం సర్కారు కళ్లకు ఇప్పటికీ బంజరే. చెట్టు లేకపోతే అడవి కాదనుకునే ఈ చూపే బట్టమేకను చంపుతోంది. సోలార్ ప్లాంటుకైనా, కాలువకైనా మొదట కనబడేది ఆ నేలే.

సంఘాలు వచ్చే ఏడాది బడ్జెట్‌లో పైలట్ జీతానికి ఒక పద్దు రాసుకోవాలి. పక్షుల సంగతి తెలిసిన మనిషిని అతని పక్కన నిలబెట్టాలి. సర్టిఫికెట్ చూడకుండా అటవీ శాఖ ఒక్క డ్రోన్‌నూ లేవనివ్వకూడదు.