కంచంలోని హరాం – కుంచంలోని హరాం

ఇస్లాం నిషేధించిన కార్యాలేవి అని మేము ఒకనాడు తరగతిలో ప్రశ్నించాము. విద్యార్థులు తడుముకోకుండా సమాధానమిచ్చారు: పంది మాంసం, మద్యం, జూదం, చచ్చిన జంతువు మాంసం. ఇద్దరు ముగ్గురు వడ్డీ అన్నారు. కొలతలో మోసమని గాని, కట్నమని గాని, చాటున చేసే నింద అని గాని ఒక్కరూ అనలేదు. తప్పు వారిది కాదు. పెద్దలమైన మనం ఇళ్ళలో 'హరాం' అనే మాటను ఎక్కువగా భోజనం దగ్గరే పలుకుతాము. బేరం దగ్గర, పెళ్ళి మాటల దగ్గర ఆ మాట మనకు జ్ఞాపకం రాదు. పిల్లలు మన నోట విన్నదే చెప్పారు.

అసలు ఆ మాట అర్థమేమిటో ఒకసారి విచారించడం మంచిది. అరబ్బీలో 'హరాం' అంటే నిషిద్ధమనే కాక, పవిత్రమైనది, అతిక్రమించరానిది అని కూడా అర్థం. మక్కాలోని మహా మసీదును మస్జిదుల్ హరాం అనడం ఈ అర్థంలోనే. హిజ్రీ శకం 10వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 632లో, దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ చివరి హజ్ యాత్రలో చేసిన ప్రసంగంలో ఈ మాటనే వాడారు. ఆ దినం, ఆ మాసం, ఆ నగరం ఎంత పవిత్రమైనవో, ఒకరి ప్రాణం, ధనం, గౌరవం మరొకరికి అంత అతిక్రమించరానివని వారు ప్రకటించారు. పొరుగువాని సొమ్మును అన్యాయంగా తీసుకోవడం ఆ పుణ్యక్షేత్రం మర్యాదను భంగపరచడం వంటిదని దీని భావం. నిషేధాల పట్టికను ఈ ప్రసంగం వెలుగులో చదువుకుంటే, అందులో ఆహారానికి సంబంధించినవి కొన్నే అని, సాటి మనిషికి సంబంధించినవి అనేకమని బోధపడుతుంది.

దూరదేశపు ఉదాహరణలు మనకు అక్కరలేదు. కోటబొమ్మాళి మండలంలోని నారాయణవలస పశువుల సంతను మనలో చాలామంది చూసే ఉంటారు. పశువుల సంత ఏదైనా సరే, కొనేవాడు పళ్ళు చూసి వయసు లెక్కిస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు, పొదుగు తడిమి చూస్తాడు. ఇంత పరీక్ష ఎందుకు? అమ్మేవాడు లోపం చెప్పడని అతనికి తెలుసు కనుక. పాలు పిండకుండా పొదుగు నిండనిచ్చి పాడిపశువును అమ్మకానికి తోలుకొని రావడం సంతలకు పాత విద్యే. పద్నాలుగు వందల ఏళ్ళ క్రిందట అరేబియా సంతలలోనూ ఈ విద్య ఉండేది. దైవప్రవక్త (స) దానిని పేరుపెట్టి నిషేధించారు. అట్లా మోసపోయి కొన్నవాడు, పాలు పిండి చూచిన తరువాత ఇష్టమైతే పశువును ఉంచుకోవచ్చు, లేదా తిరిగి ఇచ్చివేయవచ్చు. తిరిగి ఇచ్చేటప్పుడు తాను వాడుకొన్న పాలకు బదులుగా ఒక 'సా' కొలత ఖర్జూరాలు ఇవ్వాలని కూడా విధించారు. అమ్మినవాని మోసాన్ని మన్నించలేదు, కొన్నవాడు వాడుకొన్న పాలను ఊరకే పోనీయలేదు. మతమంటే మసీదు గోడల మధ్య విషయమేనని భావించేవారు ఈ తీర్పును మననం చేయాలి.

అంగడిలో ఒక ధాన్యపు రాశిలోకి ప్రవక్త (స) చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిందని, తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీశారని, మోసగించేవాడు తమవాడు కాడని చెప్పారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. దివ్య ఖుర్ఆన్‌లోని 83వ అధ్యాయానికి కొలతలో తగ్గించి ఇచ్చేవారి పేరే పెట్టబడింది. తమకు కొలిపించుకొనేటప్పుడు కుంచం నిండుగా, ఇతరులకు కొలిచేటప్పుడు వెలితిగా కొలిచేవారికి అందులో తీవ్రమైన హెచ్చరిక ఉన్నది. విద్యార్థులకు కుంచంతో పని లేదనుకోవద్దు. పరీక్షలో చూచి వ్రాసి తెచ్చుకొన్న మార్కుల పత్రం కూడా పైన ఎండి లోపల తడిసిన ధాన్యపు రాశియే. దానిని నమ్మి ఉద్యోగమిచ్చేవాడు కొనుగోలుదారు. కష్టపడి చదివి వెనుకబడిన తోటివాడు ఆ మోసానికి బలియైనవాడు.

ఇక వివాహం. నికాహ్‌లో వరుడు వధువుకు మెహర్ ఇవ్వాలని, దానిని సంతోషంగా ఇవ్వాలని ఖుర్ఆన్ 4వ అధ్యాయం ఆదేశిస్తున్నది. మనం ఈ ఆజ్ఞను తలక్రిందులు చేశాము. ఇవ్వవలసినవాడు పుచ్చుకొంటున్నాడు. కోస్తాలో దానిని కట్నమన్నా, హైదరాబాదు ప్రాంతంలో 'జోడేకీ రఖం' అన్నా వస్తువు ఒకటే. మెహర్‌కు నిఖానామాలో ఒక అంకె వేస్తాము. ఆ అంకె చాలా ఇళ్ళలో కాగితం దాటి రాదు. భర్త చనిపోయిన తరువాత, జనాజా లేవబోతుండగా, ఏడుస్తూ ఉన్న భార్య దగ్గరకు వచ్చి మెహర్ మాఫీ చేయమని అడిగే ఆచారం కూడా మనలో ఉన్నది. ఆ గడియలో కాదని అనగల స్త్రీ ఎవరు? మన దేశంలో 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నేరంగా ప్రకటించింది. మెహర్‌ను మాత్రం కట్నం నిర్వచనం నుండి మినహాయించింది. మనం కలిపివేసిన భేదాన్ని చట్టం గుర్తించడం మనకు సిగ్గు కలిగించవలసిన విషయం.

అమ్మాయి తండ్రి ఇష్టపూర్వకంగానే ఇస్తున్నాడు గదా అని కొందరు పెద్దలు అంటారు. ఇవ్వకపోతే కూతురు పెళ్ళి కాకుండా ఉండిపోతుందని భయపడి ఇచ్చినది ఇష్టం కాదు. పొలం అమ్మి, అప్పు చేసి, ఆ అప్పుకు వడ్డీ కట్టుకొంటూ ఇచ్చినది కానుక కాదు. కట్నం ఒక నిషేధంతో ఆగదు, వడ్డీ అనే మరొక నిషేధం వాకిలి కూడా అదే తెరుస్తుంది.

ఆహార నియమాలు స్వల్పమైనవని మేము అనడం లేదు. కంచం శుద్ధిగా ఉంచుకొనేవాడు మంచి పనే చేస్తున్నాడు. కాని దేవుని పట్ల చేసిన లోపానికి పశ్చాత్తాపంతో క్షమ దొరుకుతుందని, మనిషి హక్కును కాజేసినవాడు మాత్రం ఆ మనిషికి దానిని తిరిగి చెల్లించాలని, లేదా అతని క్షమను పొందాలని మన ధర్మవేత్తలు చెప్పారు. నమాజు, ఉపవాసం, జకాత్ వెంటబెట్టుకొని ప్రళయదినాన వచ్చినవాడు కూడా, ఒకరిని తిట్టి, ఒకరిపై అపనింద వేసి, ఒకరి సొమ్ము తిని ఉంటే, తన పుణ్యమంతా వారికి పంచి దివాలా తీస్తాడని ప్రవక్త (స) హెచ్చరించారు. ఇంతకు మించిన హెచ్చరిక ఏమి కావాలి?

శ్రీకాకుళం జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం ముస్లింలు నూటికి ఒక్కరైనా లేరు. ఇక్కడి పొరుగువారికి ఇస్లాం అంటే తమకు తెలిసిన ఆ ఒక్క ముస్లిం కుటుంబమే. ఆ కుటుంబం కొలతను, మాటను, అప్పు తీర్చే తీరును వారు గమనిస్తారు. పైగా మన గ్రంథం వారికి అందని గ్రంథం కాదు. ఉత్తరాంధ్రలో పుట్టిన చిలుకూరి నారాయణరావుగారు దేశానికి స్వాతంత్ర్యం రాక పూర్వమే ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. చదివినవారు మన నడవడిని దానితో పోల్చి చూస్తారు. పోల్చే హక్కు వారికి ఉన్నది.

దిద్దుబాటు ఎక్కడ ప్రారంభం కావాలి? చివరి హజ్ ప్రసంగంలో ప్రవక్త (స) పాత వడ్డీలన్నిటినీ రద్దు చేసినప్పుడు, మొట్టమొదట తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్‌కు రావలసిన వడ్డీనే రద్దు చేశారు. సంస్కారం సొంత ఇంటి నుండి మొదలైంది. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి కూడా అదే. తమ కుమారుల నికాహ్‌లలో కట్నం పుచ్చుకోక, మెహర్‌ను ఆ సభలోనే చెల్లించి చూపితే, మేము తరగతిలో చెప్పే నూరు పాఠాలకంటె అది బలమైన పాఠమవుతుంది. ఇక విద్యార్థులారా, మీ పెళ్ళి మాటలు రేపో మాపో మీ ఇళ్ళలో మొదలవుతాయి. ఆనాడు లెక్క పెద్దలు చూసుకొంటారని తల వంచుకొని కూర్చోవద్దు. వడ్డించిన మాంసం హలాలా అని అడగడం మీకు తెలుసు. ఈ సొమ్ము హలాలా అని ఆనాడు కూడా అడగండి.