విశ్వలేఖలో భూమి ప్రశ్న

సృష్టి సంరక్షణ కోసం వాటికన్ 2025 జులైలో ప్రత్యేక పూజావిధిని విడుదల చేస్తే, మన దగ్గర చర్చంతా మొక్కలు నాటడం దగ్గరే ఆగిపోయింది. ఆ పూజ వెనుక ఉన్నది 2015 నాటి ‘లౌదాతో సి’ విశ్వలేఖ. దాని అసలు పదును 67వ పేరాలోనూ, 93 నుంచి 95 దాకానూ ఉంది.

భూమిని ఏలమన్న ఆదికాండం మొదటి అధ్యాయాన్ని చూపి, ప్రకృతి విధ్వంసానికి క్రైస్తవ ఆలోచనే దారి వేసిందని 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ ఆరోపించారు. అలాంటి విమర్శను ఈ విశ్వలేఖలో పోప్ ఫ్రాన్సిస్ కొట్టిపారేయలేదు. లేఖనాలను క్రైస్తవులే తప్పుగా చదివిన సందర్భాలున్నాయని ఒప్పుకున్నారు. రెండో అధ్యాయంలో తోటను సాగుచేసి కాపాడమన్న ఆజ్ఞను గుర్తుచేసి, భూమి దేవునిది కనుక శాశ్వతంగా అమ్మకూడదన్న లేవీయకాండం 25వ అధ్యాయాన్ని ముందుపెట్టారు. సొంత ఆస్తి హక్కును క్రైస్తవ సంప్రదాయం ఎన్నడూ తిరుగులేనిదిగా అంగీకరించలేదని 93వ పేరా తేల్చేస్తుంది. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ చేసిన వాదన సారాంశమూ ఇదే. బియాస్ నదికి సంబంధించిన కమల్‌నాథ్ కేసులో మన సుప్రీంకోర్టు 1996లో ఇదే చోటికి మరో దారిలో చేరింది. రోమన్ న్యాయాన్ని గుర్తుచేస్తూ, నదులకూ అడవులకూ ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది.

హైదరాబాద్ నగరానికి ఇది దూరపు సంగతి కాదు. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ నుంచి బషీర్‌బాగ్ దాటితే వచ్చే హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు తాగునీటి చెరువు. ఆ తర్వాత ఆ భారం మోసిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకూ పెద్ద నిర్మాణాలకూ 1996లో జీవో 111 అడ్డుకట్ట వేసింది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేసింది.

ఆ జీవో వల్ల తమ పొలాల విలువ పాతికేళ్లు అణిగిపోయిందన్న చిన్న రైతుల బాధ నిజమే. రైతుకు తగినంత భూమి మీద సహజ హక్కు ఉందని 94వ పేరా కూడా అంటుంది. అయితే ఆ హక్కు ఉన్నది సాగుచేసి బతకడానికి. ఉస్మాన్‌సాగర్ పరీవాహకంలో విల్లాలు లేపే బిల్డరు రైతు పేరు అడ్డం పెట్టుకుంటే దాన్ని ఒప్పుకోనక్కర్లేదు. హైదరాబాద్ అగ్రమేత్రాసనం 93, 94 పేరాలను కలిపి ప్రతి విచారణలో (పారిష్‌లో) చదివించాలి. రైతుకు పరిహారం ఇవ్వమని అడగాలి, జలాశయాల పరీవాహకంలో నిర్మాణాలు వద్దని ప్రభుత్వానికి రాతపూర్వకంగా చెప్పాలి. సొంత ప్రాంగణాల్లోని ఖాళీ నేలకూ ఇదే నియమం వర్తిస్తుందని ప్రకటించాలి. అప్పుడే ఆ పూజావిధికి ఈ ఊళ్లో అర్థం ఉంటుంది.