అమ్మిన దుకాణమే పాత బ్యాటరీని వెనక్కి తీసుకోవాలి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రజలారా!

కరెంటు బండ్లు మన గల్లీల్లోకి వచ్చాయి. 2024 సెప్టెంబరులో కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా మొదలయ్యాయి. ఈ బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు వద్దని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మంచి పనే. మరి పాడైన బ్యాటరీ ఎక్కడికి పోవాలి?

సీసం బ్యాటరీకి పాత సామాన్ల దుకాణంలో ధర ఉంది కాబట్టి ఎవరో ఒకరు కొంటారు. కొన్నవాళ్లు యాసిడ్‌ను మోరీలో పారబోసి, సీసాన్ని పెరట్లో కరిగిస్తే ఆ పొగ పిల్లల మెదడుకు విషం. అనేక ఎలక్ట్రిక్ బస్సుల్లో, ఆటోల్లో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీది మరో కథ. అందులో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు, కాబట్టి పెద్దగా ధర రాదు. ధర రాని సరుకు చెత్తబండి ఎక్కుతుంది.

కరీంనగర్ డంపింగ్ యార్డు మానేరు ఒడ్డునే ఉంది. అక్కడ మంటలు లేచి ఊరంతా పొగ కమ్మడం మనం చూస్తున్నదే. ఆ కుప్పలో లిథియం సెల్ నలిగితే లోపలే షార్ట్ అయి అంటుకుంటుంది. దాని పొగలో ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఓ వృద్ధుడు ప్రాణాలు కోల్పోయారు. అది ఇంకా వాడుకలో ఉన్న బ్యాటరీ.

చట్టం లేక కాదు. 2022 ఆగస్టులో కేంద్రం తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదే. పూడ్చకూడదు, కాల్చకూడదు. అయితే కొనుగోలుదారు నుంచి డిపాజిట్ తీసుకుని, బ్యాటరీ తెచ్చిస్తే తిరిగిచ్చే పద్ధతిని మాత్రం కంపెనీల ఇష్టానికి వదిలేశారు. కానీ సేకరించాల్సిన కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా సరే, అక్కడి నుంచి ఆదిలాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్లు. ఒక్క బ్యాటరీ కోసం అంత దూరం ఎవరొస్తారు? పైగా గంటకు 25 కిలోమీటర్లు దాటని చిన్న స్కూటర్లకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. అవి ఎన్ని తిరుగుతున్నాయో రవాణా శాఖ దగ్గర లెక్క దొరకదు.

పన్ను వదులుకున్న రాష్ట్రం షరతు కూడా పెట్టాలి. రిజిస్ట్రేషన్ లేని స్కూటరైనా సరే, అమ్మేటప్పుడే డిపాజిట్ కట్టించుకోవాలి. పాత బ్యాటరీ ఎవరు తెచ్చినా అమ్మిన దుకాణమే దాన్ని తీసుకుని, ఆ సొమ్ము వారి చేతికే ఇవ్వాలి. అప్పుడు చెత్త ఏరుకునే అక్క కూడా దాన్ని భద్రంగా తెచ్చిస్తుంది. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్‌లలో అగ్నిమాపక ఏర్పాట్లున్న సేకరణ షెడ్లు కట్టాలి. పాత సామాన్ల వ్యాపారులను తరిమేయొద్దు, శిక్షణ ఇచ్చి లైసెన్సు ఇవ్వాలి. ఎన్ని బ్యాటరీలు అమ్మారో, ఎన్ని వెనక్కి వచ్చాయో కాలుష్య నియంత్రణ మండలి జిల్లాలవారీగా నెలనెలా ప్రకటించాలి.

వచ్చే సోమవారం మీ కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి రండి. ఈ డిమాండ్లతో అర్జీ పెట్టి, రశీదు తీసుకోండి.