ఒక పెద్ద యంత్రము, పలు తెరలు

డిస్కు చెడిన కంప్యూటరును మూలగదిలో పడవైచుట మన కార్యాలయములకు అలవాటు. దాని తెరయు, కీబోర్డును, నెట్‌వర్కు కార్డును చెడలేదు గదా! ఇట్టి యంత్రములకు మరల ప్రాణము పోయగల లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టును 1999లో అమెరికావాసి జిమ్ మెక్‌క్విలన్ ఆరంభించెను.

పద్ధతి సులభము. మీట నొక్కినంతనే చిన్న యంత్రము, తీగ వెంట పెద్ద యంత్రమును తన చిరునామా యేమని యడుగును. పెద్దది చిరునామాతోపాటు ఆపరేటింగ్ సిస్టమును గూడ పంపును. తొలినాటి పద్ధతిలో పిదప లెక్కలన్నియు పెద్దదే చేసెడిది. చిన్నది తెరపై చూపెడిది. ఒకే చెరువు నీరు పలు కాలువలకు పారినట్లే! ప్రోగ్రాము మూలము అందరకు బహిరంగము గనుక పలుదేశములవారు దానిని సరిదిద్దిరి. 2005లో బడులకై వెలువడిన ఎడ్యుబుంటు దానిని తనలో చేర్చుకొనెను.

మనకును ఇట్టి తలంపు కలుగకపోలేదు. 2008 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 5,000 పాఠశాలలకు, ఒక కంప్యూటరును పలువురు పంచుకొను ఎన్‌కంప్యూటింగ్ పరికరములను ఎన్నుకొనెను. మేలే. కాని వాని ప్రోగ్రాము ఆ సంస్థ సొత్తు. బాలబాలికలు దానిని విప్పి చదువలేరు. కడప జిల్లా రాజుపాలెమువంటి చోట బడికి వాడుకయొక్కటే చాలదు. చెడినప్పుడు అచ్చటనే బాగుచేయగల చేతులును కావలెను. తెరచియున్న ప్రోగ్రాము లేనిదే ఆ చేతులెట్లు తయారగును?

పెద్ద యంత్రము ఆగినచో తెరలన్నియు ఒక్కమారే చీకటియగుననుట నిజమే; పల్లెలో ఈ చిక్కు చిన్నది కాదు. అయినను క్రొత్త యంత్రములకు టెండరు పిలుచుటకు ముందు ప్రొద్దుటూరు కార్యాలయముల మూలగదులను ఒకమారు తెరచి చూడవలదా?