చెవి పోయాక భాష ఎక్కడ?

ప్రతి ఏడూ ఉగాదికి మన సంఘాలు రెండు పనులు చేస్తాయి. పొద్దున తెలుగు చచ్చిపోతోందని ఉపన్యాసాలు చెప్పిస్తాయి. సాయంత్రం ఆ ఉపన్యాసాలు విన్న చెవుల్ని చంపడానికి ఆరడుగుల సౌండు బాక్సులు తెప్పిస్తాయి. రెండింటికీ చందా ఒకటే, రసీదు పుస్తకం ఒకటే. ఈ రెండు పనులకూ ఉన్న వైరం మాత్రం ఏ కార్యవర్గ సమావేశంలోనూ చర్చకు వచ్చినట్టు లేదు. అందుకే ఆ చర్చను ఇక్కడ పెడుతున్నాను.

ముందే ఒక మాట. నేను నిశ్శబ్దానికి వకాల్తా పుచ్చుకున్నవాణ్ణి కాను. సంగీతం గట్టిగా వినడం నాకిష్టం. తప్పెట్లు మోగితే కాలు నిలవదు. ఇళయరాజా పాటలో బేస్ గిటారు అణిగిపోతే ఉప్పు తక్కువైన పప్పు తిన్నట్టుంటుంది. నా రెండు చెవుల్లోనూ పదేళ్లకు పైగా ఒక సన్నని ఈల ఆగకుండా మోగుతోంది. డాక్టర్లు దీన్ని టిన్నిటస్ అంటారు. సుశ్రుత సంహిత చెవి రోగాల్లో కర్ణనాదం అని చెప్పింది. మన ఇళ్లలో చెవిలో హోరు అంటారు. భరించరాని బాధల్లో చెవిలో దూరిన జోరీగను వేమన కూడా లెక్కపెట్టాడు. అయితే జోరీగ ఎప్పటికో ఒకప్పటికి బయటికి పోతుంది. ఇది పోదు. కాబట్టి 'పాటంటే గిట్టని ముసలాయన సణుగుడు' అని ఈ వ్యాసాన్ని పక్కన పెట్టకండి. పాట లేకపోతే బతకలేనివాడే ఇది రాస్తున్నాడు.

మన లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి చుట్ట ఒకటి ఉంది. అందులో సుమారు 15,000 కేశకణాలుంటాయి. శబ్దాన్ని నరానికి అందించే పని వాటిది. పుట్టుకతో వచ్చినవే వచ్చినవి. చచ్చిపోతే మళ్లీ మొలవవు. కోళ్లకు మాత్రం ఇవి మళ్లీ మొలుస్తాయని 1980లలో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అంటే జాతరలో తల తెగే కోడికి ఉన్న సౌకర్యం, ఆ జాతరకు బాక్సులు తెప్పించిన పెద్దమనిషికి లేదు. చెవి నుంచి రావలసిన సమాచారం తగ్గేసరికి మెదడు తన వాల్యూమును తానే పెంచుకుంటుంది, ఆ పెంపులో పుట్టిన కూతే హోరు అని ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

దీనికి లెక్కలు ఉన్నాయి. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. అక్కడినుంచి మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఉండదగిన సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. డీజే బాక్సుల ముందు వంద దాటడం మామూలే. ఊరేగింపు మూడు గంటలు సాగితే, పావుగంట కోటాను పన్నెండుసార్లు ఖర్చు పెట్టినట్టు. ఆ రాత్రి చెవులు దిమ్మెక్కి గుయ్యిమంటాయి. తెల్లారేసరికి తగ్గుతుంది. తగ్గింది కదా అనుకుంటాం. అది చెవి ఇచ్చిన నోటీసు. నోటీసులు అందుకుంటూ పోతే ఏదో ఒకనాడు జప్తు తప్పదు.

సంగీతం తెలిసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1876లో చెక్ స్వరకర్త స్మెతనా తన జీవితాన్నే ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌గా రాసుకున్నాడు. చివరి భాగంలో హఠాత్తుగా ఒక తారస్థాయి స్వరం గీటు గీసినట్టు సాగుతుంది. అది ఆయన చెవిలో మోగిన హోరు. ఆయన చెవుడుకు మోత కారణం కాదు, కానీ పాటగాడికి హోరు ఏం చేస్తుందో చెప్పడానికి అంతకన్న సాక్ష్యం అక్కరలేదు. 'ద హూ' బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ గట్టి సంగీతమే తన చెవులు చెడగొట్టిందని బాహాటంగా చెప్పాడు. 2016లో 'ఏసీ/డీసీ' గాయకుడు బ్రయన్ జాన్సన్ వినికిడి పోతుందన్న డాక్టర్ల హెచ్చరికతో యాత్ర మధ్యలో ఆపుకోవలసి వచ్చింది. మన దేశంలో 2024లో అల్కా యాగ్నిక్ వైరస్ సోకి తన వినికిడి దెబ్బతిన్నదని ప్రకటిస్తూ, గట్టి సంగీతంతోనూ హెడ్‌ఫోన్లతోనూ జాగ్రత్త అని అభిమానులను హెచ్చరించింది. వీళ్లెవరూ పాటకు శత్రువులు కారు.

ఇక మన సంగతి. చెవుడు అంటే అన్నీ సమానంగా తగ్గిపోవడమని చాలామంది అనుకుంటారు. మోత వల్ల వచ్చే చెవుడు అలా రాదు. ముందు హెచ్చు స్థాయి శబ్దాలు, 4,000 హెర్ట్‌జ్ చుట్టుపక్కలవి పోతాయి. అచ్చులు బలమైనవి, కింది స్థాయివి. అవి వినబడుతూనే ఉంటాయి. స, శ, చ, త, ప, క వంటి బలహీనమైన హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, చాలు, తాలు, అన్నీ ఒకే మాట అయిపోతాయి. కోట, తోట, చోట కలిసిపోతాయి. మనది అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగిసి తీయగా ఉంటుందని వేదికలెక్కి మురిసిపోతాం కదా. చెవి దెబ్బతిన్నవాడికి మిగిలేది ఆ తీపి ఒక్కటే. అర్థం పోతుంది. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు.

ఈ నష్టం బయట ఉన్న మనకు రెట్టింపు. జారిపోయిన హల్లును మెదడు ఊహతో పూరించుకుంటుంది. ఊహకు పెట్టుబడి పరిచయం. బాగా అలవాటున్న భాషలో సగం వినబడినా మిగతా సగం అల్లుకుంటాం. అలవాటు తక్కువైన భాషలో, అందులోనూ రణగొణలో, అల్లుకోలేం. హొసూరులో, బళ్లారిలో, బరంపురంలో మన పిల్లలకు రోజంతా వినబడేది ఏ భాష? తెలుగు వాళ్లకు ఇంట్లో అవ్వ నోట, తాత నోట వినబడే భాష. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయినప్పుడు తెలుగు బడుల కోసం మనం ఎంత గోల పెట్టామో అందరికీ గుర్తుంది. పెట్టవలసిందే. మరి బడిలో పోయిన తెలుగుకు మిగిలిన ఒకే ఒక దారి చెవి. ఆ దారిలో కందకం తవ్వుతున్నది ఏ ప్రభుత్వమూ కాదు. మన ఉత్సవ కమిటీయే. వినబడని అవ్వతో పిల్లలు మాట్లాడటం తగ్గిస్తారు. చెవి చెడిన మనవడు అవ్వ మాటకు 'ఆఁ?' అని మూడుసార్లు అడిగి నాలుగోసారి ఊరుకుంటాడు. తెలుగు అక్కడ చచ్చిపోతుంది, ఉపన్యాస వేదిక మీద కాదు.

షోలాపూర్, భివండీ మరమగ్గాల షెడ్లలో మన పద్మశాలీలు తరాలుగా పని చేస్తున్నారు. పగలంతా మగ్గం మోత తిన్న చెవికి రాత్రి విశ్రాంతి కావాలి. పండగ పేరుతో ఆ రాత్రిని కూడా లాక్కోవడం భక్తీ కాదు, ఆనందమూ కాదు. అసలు అందరికంటే ముందు చెవులు పోయేది బాక్సుల వెనక నిలబడి వైర్లు కలిపే కుర్రాడికి. వాడి కూలి లెక్కలో చెవి ధర ఎవరు కట్టారు?

'మన సంప్రదాయమే మోత' అన్నది మొదటి అడ్డంకి. ఒక కమిటీ కుర్రవాడు నాతో అన్నాడు: "బేసు గుండికాయలో అదరాల గదన్నా, అప్పుడే జాతర." నాయనా, తప్పెట కొట్టేవాడి చేతులు అలుస్తాయి. నడుమ ఆగుతాడు, తప్పెట కాచుకుంటాడు, టీ తాగుతాడు, నడుస్తూ ముందుకు పోతాడు. ఆ విరామంలో నీ చెవి ఊపిరి పీల్చుకుంటుంది. జనరేటరుకు అలుపు లేదు. సంప్రదాయం పేరుతో నువ్వు కాపాడుతున్నది తప్పెటను కాదు, దాని పొట్ట కొట్టిన బాక్సును. పైగా గుండెలో అదిరేది బేసు. చెవిని ఎక్కువగా కోసేది ఆ పైన చీల్చే కీచు. మోత తగ్గించినా పాట పాటగానే ఉంటుంది.

'ప్రభుత్వం వద్దంటే అప్పుడు చూద్దాం' అన్నది రెండో మాట. ప్రభుత్వం ఎప్పుడో చెప్పింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు కేంద్రానివి. మనం తమిళనాడులో ఉన్నా, కర్ణాటకలో ఉన్నా, ఒడిశా, మహారాష్ట్ర, యానాంలో ఉన్నా ఒకటే. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. బహిరంగ స్థలంలో మైకు పెడితే దాని సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు హద్దు కంటే పది ఎక్కువ, లేదా 75, ఏది తక్కువైతే అది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బహిరంగంగా మైకు కూడదు. పండగలకు ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా రాష్ట్రం పన్నెండు దాకా సడలింపు ఇవ్వవచ్చు. మైకుతో మోత చేయడం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని 2005 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పాట ఆపమనలేదు. 2022లో అది వేదికలకు పెట్టిన ప్రమాణం పావుగంట సగటున వంద డెసిబెల్స్ దాటవద్దనీ, కొలుస్తూ ఉండమనీ, చెవి బిరడాలు అందుబాటులో ఉంచమనీ, కాసేపు చెవికి విశ్రాంతినిచ్చే చోటు ఉండాలనీ చెబుతుంది. ఇదేమైనా కోరరాని కోరికా?

మూడో అడ్డంకి మనలోని సిగ్గు. కంటికి అద్దాలు పెడితే చదువుకున్నవాడంటాం. చెవికి యంత్రం పెడితే దాచుకుంటాం. మన సినిమాల్లో, స్టేజీ నాటికల్లో చెవిటివాడి కంటే సులువుగా నవ్వు తెప్పించే పాత్ర ఇంకొకటి లేదు. ఆ నవ్వులకు భయపడి హోరు ఉన్నవాడు నోరు విప్పడు. నూనె పోయించుకుంటాడు, పొడులు కొనుక్కుంటాడు. లోపలి చెవి దెబ్బకు నూనె చేసేదేమీ లేదు. పాత హోరును పూర్తిగా మాన్పే మందు ఇంతవరకూ రుజువు కాలేదు. వినికిడి యంత్రం, దానితో సహజీవనం నేర్పే కౌన్సెలింగ్, రాత్రి ఫ్యాను చప్పుడు లాంటి మెత్తని తోడు, వీటితో చాలామందికి బతుకు తేలికవుతుంది. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే మాత్రం వారం రోజులు చూద్దామనకండి. ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

పరీక్ష దగ్గర కూడా మనకొక పేచీ ఉంది. మాటలు వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షను ఒక ఆసుపత్రిలో నాకు తమిళ మాటలతో చేశారు. నాకు తమిళం వచ్చు గనుక గడిచింది. తమిళం అంతంత మాత్రం వచ్చిన మా పల్లె అవ్వ తప్పు చెబితే, ఆ తప్పు చెవిదా, భాషదా? రేషను కార్డు మీద తెలుగు అడిగే సంఘాలు, పరీక్ష గదిలో కూడా తెలుగు అడగాలి.

వచ్చే ఉగాదికి ప్రతి సంఘమూ ఈ తీర్మానాలు చేయాలని నా వాదం. బాక్సుల ముందు తాడు కట్టి జనాన్ని దూరంగా ఉంచాలి. ఆరుబయట దూరం రెట్టింపైతే మోత ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. కమిటీలో ఒకరు ఫోనులోని కొలమానంతోనైనా మోత కొలిచి ఆపరేటరుకు చెప్పాలి. ఫోము బిరడాలు తాంబూలంతో పాటు పంచాలి, దూది పనికిరాదు. చంకలో పసిబిడ్డ ఉన్నవారిని బాక్సుల దగ్గరికి రానివ్వకూడదు. గంటకోసారి పది నిమిషాలు బాక్సులు ఆపి, ఆ పది నిమిషాలూ ఒక అవ్వ చేత మైకు లేకుండా పాట పాడించాలి. పాట వినడానికి అందరూ దగ్గరికి జరుగుతారు, అంతే.

డబ్బు లేదనకండి. బాక్సులు రెండు తగ్గిస్తే బిరడాల ఖర్చు పోను ఒక తెలుగు పత్రికకు చందా కూడా మిగులుతుంది. చదవడానికి కళ్లు ఉండగానే, వినడానికి చెవులు ఉండగానే ఆ పని చేయండి.